వృషణాల నొప్పి
పురుష జననాంగాల నొప్పికి కారణాలు చాలా ఉన్నా, ఆలస్యాన్ని ఏమాత్రం ఓర్చనిది వృషణ మెలిక. వృషణాన్ని పట్టి ఉంచే తాడు మెలిపడి రక్తప్రసరణ ఆగిపోతుంది. ఎక్కువగా 12–18 ఏళ్ల కుర్రాళ్లలో, తరచు నిద్రలోనే మొదలవుతుంది. ఒక పక్క హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు. ఆ వృషణం పైకి లాగినట్టు కనిపిస్తుంది. కుర్రాడు సిగ్గుపడి ‘కడుపునొప్పి’ అనడం మామూలే. 6 గంటల్లోపు ఆపరేషన్ చేస్తే వృషణం చాలావరకు దక్కుతుంది. 24 గంటలు దాటితే ఆశ తక్కువ. నొప్పి మాత్ర వేసుకుని తెల్లారేదాకా ఆగడమే అసలు ముప్పు.

జ్వరం, మూత్రంలో మంటతో మెల్లగా పెరిగే నొప్పి సాధారణంగా ఇన్ఫెక్షన్. గవదబిళ్ళలు, కిడ్నీలో రాయి కూడా కారణం కావచ్చు. 4 గంటలైనా తగ్గని అంగస్తంభన, వెనక్కి వెళ్లి తిరిగిరాని ముందరి చర్మం, షుగర్ ఉన్నవారిలో జననాంగాల దగ్గర నల్లబడే చర్మం కూడా అత్యవసరాలే. నొప్పిలేని గట్టి గడ్డనూ చూపించుకోవాలి, క్యాన్సర్ కావచ్చు.

ఇలాంటి అత్యవసరంలో చెన్నైలో ఉన్నవారికి, తెలుగువారు తరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నైలోని వాషర్‌మెన్‌పేట్‌కు దగ్గరలోనే, పాత జైలు రోడ్డులో, ప్రభుత్వ స్టాన్లీ ఆసుపత్రి ఉంది. హఠాత్తుగా వచ్చే తీవ్రమైన నొప్పికి ఉదయం ఓపీ కోసం చూడకుండా రాత్రయినా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయవచ్చు.