కరువు, కృతజ్ఞత, కీర్తన: ఒంగోలు ప్రాంత క్రైస్తవుల స్తుతి సంప్రదాయం

1876–78 నాటి మహాకరువు కాలంలో ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల క్రైస్తవ జీవనం ఒక చిక్కు ప్రశ్నను ఎదుర్కొంది: కృతజ్ఞత దేవునికా, అన్నం పెట్టిన దాతకా? అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని కరువు బాధితులకు కూలి కల్పించారు. కూలి కోసమే మతం మారుతున్నారన్న అపవాదుకు తావివ్వరాదని, సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. అది ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరాన వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్య ఒక్కటే విశ్వాసానికి కొలమానం కాజాలదు. పొందిన మేలు జ్ఞాపకమూ, గౌరవాకాంక్షా అందులో కలిసే ఉండవచ్చు. అయినా కూలి ఆగిన తరువాత స్తుతి ఆగలేదన్నది గమనార్హం. తెలుగు సంఘాల్లో ఆ స్తుతికి నిత్యరూపమిచ్చినవి కీర్తనలు. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి కవులు పల్లవి, చరణాలతో రాగతాళబద్ధంగా కూర్చిన పాటలు చదువురానివారికీ కంఠస్థమయ్యాయి. గుడికీ బడికీ వెలియైన నోటికి స్తుతి ఒక హక్కు అయింది. దాతకు పడిన రుణాన్ని దేవునికి పాడే పాటగా మలచుకోవడం వల్ల కృతజ్ఞత తలవంపుకు గాక ఆత్మగౌరవానికి దారితీసింది.