ఇంజను అదే, పెట్రోలే మారింది

మొన్న సంక్రాంతికి మా పెదనాన్నగారి 1976 నాటి అంబాసిడర్‌లో ఉండి నించి ఆకివీడు వెళ్తుంటే, దార్లో మిస్సింగ్ కొట్టడం మొదలెట్టింది. ఇంటి ముందు ఐడిల్‌లో బుద్ధిగానే ఉంటుంది, స్పీడు నలభై దాటిందంటే చాలు, దగ్గుతుంది. అప్పటికే రెండుసార్లు కార్బొరేటర్ విప్పి కడిగించారట. "ఇంక నావల్ల కాదురా, పాత ఇనపసామాన్ల వాడికి తూకానికి ఇచ్చేస్తాను" అన్నారాయన.

నేను కంప్యూటర్ ముందు కూచునేవాణ్ణే గానీ, తప్పెక్కడుందో తెలీకుండా మాడ్యూలంతా తిరగరాయడం మన వృత్తిలో కూడా పాపమే కదా. అందుకని స్పానర్ పట్టుకునే ముందు ఈ ఇంజను చరిత్ర కాస్త తవ్వాను. సగం జబ్బు అక్కడే దొరికింది.

హిందుస్తాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో పుట్టి, 1948లో కలకత్తా దగ్గర ఉత్తరపారాకి మారింది. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారునే 1957లో అంబాసిడర్ పేరుతో ఇక్కడ తయారు చేయడం మొదలెట్టారు. ముందు 1476 సీసీల సైడ్ వాల్వు ఇంజను ఉండేది, 1959లో 1489 సీసీల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బీ సిరీస్ ఇది. ఇదే ఇంజను అక్కడ ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో కూడా పెట్టారు. ఇక్కడ పెళ్ళివారిని మోసింది, అక్కడ రేసులకెళ్ళింది, అదీ తేడా :) 1990ల మొదట్లో ఇసుజు ఇంజను వచ్చేదాకా పెట్రోలు అంబాసిడర్‌కి గుండెకాయ ఇదే. 2014 మే నెలలో అసలు కారు తయారీయే ఆగిపోయింది.

అంటే ముప్ఫై ఏళ్ళు కోడ్ పెద్దగా మారలేదు. మారింది దానికింద ఉన్న లైబ్రరీ, అంటే పెట్రోలు.

మొదటి మార్పు సీసం. ఇంజను కొట్టుకోకుండా ఉండటానికి పెట్రోల్లో సీసం కలపొచ్చని 1921లో అమెరికాలో కనిపెట్టారు. ఆ సీసమే ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోట పల్చటి పొరలా పట్టి, అరుగుదలని ఆపేది. మన ఆరోగ్యానికి అది విషం కాబట్టి 2000 ఫిబ్రవరి 1 నించి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్మారు. మంచిపనే. కానీ పాత ఇంజన్లలో, ముఖ్యంగా హైవే మీద ఎక్కువ తిరిగేవాటిలో, వాల్వు సీటు నెమ్మదిగా అరిగి, వాల్వు సరిగా మూసుకోక కాలి, ఆ సిలిండర్లో కంప్రెషన్ పోతుంది. అది ఒక రకం మిస్సింగ్.

రెండో మార్పు ఇథనాల్. 2003 జనవరిలో 9 రాష్ట్రాల్లో పెట్రోల్లో 5 శాతం కలపడం మొదలెడితే, వాటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022 జూన్‌కి దేశంలో అది 10 శాతానికి చేరింది, 2025కి 20 శాతమైంది. చెరకు, మొక్కజొన్న, నూకలు... మన డెల్టాలో పండేవాటి తమ్ముళ్ళే ఇప్పుడు బంకులోంచి వస్తున్నాయన్నమాట. దిగుమతులు తగ్గుతాయి, రైతుకి మరో కొనుగోలుదారు దొరుకుతాడు, కాదనను. కానీ 1959 నాటి ఇంజనుకి దీంతో మూడు చిక్కులున్నాయి.

ఒకటి, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. మామూలు పెట్రోలు 1 కిలో పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం కలిపిన దానికి 13.5 చాలు. కొత్త కార్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలీదు, అది పాత లెక్కప్రకారమే పోస్తుంది, మిశ్రమం పల్చబడుతుంది. రెండు, పాతకాలపు రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేవు, ఉబ్బి, గట్టిపడి, పగుల్తాయి. మూడు, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొల్లేటి గాలిలో తేమకి కొదవా? పండక్కీ పండక్కీ మధ్య షెడ్డులో పడుండే బండి ట్యాంకులో నీరు మరీ ఎక్కువైతే, నీరూ ఇథనాలూ కలిసి పెట్రోల్లోంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పెట్రోలు పీల్చే గొట్టం ఉండేది కూడా ఆ అడుగునే!

ఇప్పుడు మా కారు సంగతి. ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లకీ కలిపి ఒకటే కార్బొరేటర్. అందువల్ల ఒక్క సిలిండరే మిస్సవుతుంటే పెట్రోలు లైనుని తిట్టి లాభం లేదు. ప్లగ్గు, దాని వైరు, లేదా వాల్వు చూసుకోవాలి. ఇంజను నడుస్తుండగా రబ్బరు గ్లౌజు వేసుకుని ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూశాను. ఏది పీకినా ఇంజను సమానంగానే తగ్గింది, అంటే నాలుగూ పనిచేస్తున్నాయి. పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గులది 0.6, రెండూ సరిగ్గానే ఉన్నాయి. కండెన్సర్ కూడా మార్చి చూశాం, తేడా లేదు. ఇగ్నిషన్ పక్కకి పోయింది.

మిగిలింది పెట్రోలు దారి. వెనక డిక్కీ కింద ట్యాంకు, అక్కణ్ణించి కారు అడుగునే ముందుదాకా సన్నటి లోహపు గొట్టం, ఇంజను పక్కన కామ్‌షాఫ్ట్ ఆడించే డయాఫ్రం పంపు, ఆ తర్వాత కార్బొరేటర్. ఇందులో కీలకం ఏంటంటే, పంపు తర్వాత పైపులో చిల్లుంటే పెట్రోలు కారుతుంది, వాసనొస్తుంది. పంపుకి ముందు చిల్లుంటే మాత్రం బండి నడిచేటప్పుడు చుక్క కారదు, గాలిని లోపలికి పీలుస్తుంది. లాగ్‌లో ఏమీ రాయకుండా చెడగొట్టే బగ్ లాంటిదన్నమాట. ఐడిల్‌లో కార్బొరేటర్ గిన్నెలో ఉన్న పెట్రోలు సరిపోతుంది, స్పీడులో గిన్నె ఖాళీ అవుతుంది, అప్పుడు దగ్గు.

మన వైపు ఆయిలింజను తిప్పిన రైతెవరికైనా ఇది తెలిసిందే, "ఎయిర్ పట్టింది, ఎయిర్ తీయండి" అంటారు. డీజిల్ ఇంజను ఎయిర్ పడితే ఆగిపోతుంది కాబట్టి అందరికీ అర్థమైంది. పెట్రోలు కారు ఆగకుండా దగ్గుతుంది కాబట్టి అందరూ కార్బొరేటర్ని అనుమానించారు.

ఇంజను పూర్తిగా చల్లారాక, కాయిల్ వైరు పీకి, కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించాను. పెట్రోలుతో పాటు బుడగలు! తర్వాత ట్యాంకు లైను తీసేసి, పంపుకి కొత్త గొట్టంతో డబ్బాలోంచి పెట్రోలు ఇచ్చాం. బుడగల్లేవు. అంటే పంపూ కార్బొరేటరూ నిర్దోషులు. వెనక్కి పాక్కుంటూ వెళ్తే, ట్యాంకు దగ్గర లోహపు పైపుని కలిపే జానెడు రబ్బరు ముక్క, వేలితో వంచగానే నిలువునా పగిలి కనిపించింది.

ఇథనాల్‌కి తట్టుకునే గొట్టం, రెండు క్లిప్పులు వేశాం. ఎక్సలేటర్ తొక్కినప్పుడు ఇంకా కాస్త తటపటాయించింది, అది పల్చటి మిశ్రమం పని. కార్బొరేటర్ కింద జెట్ నట్టు మూడోవంతు చుట్టు కిందికి తిప్పితే అదీ పోయింది.

ఆకివీడు దాకా వెళ్ళొచ్చాం. పెదనాన్న ఒక్క మాటే అన్నారు, "రెండుసార్లు కడిగించిన డబ్బులకి కొత్త టైరొచ్చేదిరా".

మీ ఊళ్ళో నాన్నగారి పాత బండి కూడా షెడ్డులో ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు ముందు కింద పడుకుని రబ్బరు గొట్టాలు చూడండి. తూకానికి ఇచ్చేద్దామా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించొచ్చు.