ఫోర్ట్ అపాచీలో కనిపించని స్త్రీలు

జాన్ ఫోర్డ్ 1948లో తీసిన 'ఫోర్ట్ అపాచీ' సినిమాలో ఒక దృశ్యం ఉంది. అశ్విక దళం యుద్ధానికి బయలుదేరింది. కోటలోని స్త్రీలు ఎత్తున నిలబడి, దుమ్ములో కలిసిపోతున్న మగవాళ్లను చూస్తున్నారు. అప్పుడే కెప్టెన్ కాలింగ్‌వుడ్‌కు బదిలీ ఉత్తర్వు వస్తుంది. భార్య పిలిస్తే అతను వెనక్కి రావచ్చు, బతకవచ్చు. కానీ భర్తకు పిరికివాడన్న మచ్చ వస్తుందని ఆమె పిలవదు. అతను తిరిగి రాడు. మగవాడి పరువుకు కాపలా కాయడమే ఆ కోటలో స్త్రీకి మిగిలిన వీరత్వం.

ఆ కాలపు వెస్టర్న్‌లతో పోలిస్తే ఇది ఆలోచన ఉన్న సినిమానే. అపాచీల తిరుగుబాటుకు అవినీతిపరుడైన ప్రభుత్వ ఏజెంటే కారణమంటుంది. నాయకుడు కొచీస్‌ను హుందాగా చూపిస్తుంది. మాట తప్పింది కల్నల్ థర్స్‌డే అని దాచదు. కానీ అతని అహంకారం వల్ల దళమంతా చచ్చాక, నిజం తెలిసిన కెప్టెన్ యార్క్ విలేకరుల ముందు అతన్ని వీరుడిగానే నిలబెడతాడు. అబద్ధం ఎలా చరిత్ర అవుతుందో మన కళ్లముందే చూపించి, చివరికి ఆ అబద్ధానికే వందనం చేయమంటుంది.

అసలు చరిత్ర వేరు. థర్స్‌డేకు నమూనా కస్టర్. 1876లో అతన్ని ఓడించింది లకోటా, చెయెన్నె వీరులు, అపాచీలు కాదు. కొచీస్ 1872లో జనరల్ హోవర్డ్‌తో సంధి చేసుకుని, 1874లో మరణించాడు. రెండేళ్లకే ప్రభుత్వం ఆ సంధి ఇచ్చిన రిజర్వేషన్‌ను రద్దుచేసి, అతని ప్రజల్ని శాన్ కార్లోస్‌కు తరలించింది.

సినిమాలో అపాచీ స్త్రీకి ఒక పాత్ర అంటూ లేదు. ఆ యుద్ధాల్లో మాత్రం వాళ్లున్నారు. విక్టోరియో చెల్లెలు లోజెన్ తుపాకీ పట్టి పోరాడింది. శత్రువు ఏ దిక్కున ఉన్నాడో పసిగట్టే శక్తి ఆమెకుందని ఆమె ప్రజలు నమ్మేవారు. 1880లో మెక్సికోలోని ట్రెస్ కాస్టియోస్ దగ్గర మెక్సికన్ సైన్యం విక్టోరియోను చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా పట్టుకుపోయింది. ఆ రోజు లోజెన్ అక్కడ లేదు. ఒక బాలింతను, పసిగుడ్డును ఎడారి దాటించి మెస్కలెరో చేర్చే పనిలో ఉంది. యుద్ధాన్ని వదిలి ఒక పురుడుకు తోడు వెళ్లిన ఈ ప్రయాణాన్ని ఏ సైనిక చరిత్రలో రాయాలి?

అప్పటికి పసివాడైన జేమ్స్ కేవేక్లా ముసలితనంలో ఈవ్ బాల్ అనే రచయిత్రికి ఈ సంగతులు చెప్పాడు. ఆమె పుస్తకం 1970లో వచ్చింది. లోజెన్ గురించి మనకు తెలిసింది చాలావరకు ఇలాంటి నోటిమాటల వల్లే.

1886లో జెరోనిమో తరఫున సైన్యంతో రాయబారం నడిపినవాళ్లలో లోజెన్, ఆమె సహచరి దహ్తెస్తే ఉన్నారు. లొంగిపోయాక అందర్నీ రైలెక్కించి ఫ్లోరిడాకు పంపారు. సైన్యానికి స్కౌట్లుగా పనిచేసిన అపాచీలనూ వదల్లేదు. పిల్లల్ని కార్లైల్ బడికి పట్టుకెళ్లారు. దారిలో రైలు పక్కన కూర్చోబెట్టి తీసిన ఫోటోలో ఆ ఇద్దరూ ఉన్నారని చెబుతారు. లోజెన్ అలబామా నిర్బంధంలో క్షయతో చనిపోయింది. మిగిలినవాళ్లకు విడుదల 27 ఏళ్ల తర్వాత, 1913లో.

దహ్తెస్తే 1955 దాకా బతికింది. ఫోర్డ్ సినిమా థియేటర్లలో ఆడుతున్నప్పుడు ఆమె న్యూ మెక్సికోలోని మెస్కలెరో రిజర్వేషన్‌లో ఉంది. అడిగితే చెప్పగలిగిన మనిషి.