హిట్: ది ఫస్ట్ కేస్

2020 ఫిబ్రవరి 28న విడుదలైన తెలుగు నేరపరిశోధన చిత్రం. శైలేష్ కొలను తొలిసారి దర్శకత్వం వహించగా, నాని సమర్పించారు. విశ్వక్ సేన్ పోషించిన పోలీసు అధికారి విక్రమ్ రుద్రరాజుకు మంటను చూస్తేనే ఊపిరాడదు. సెలవులో ఉన్న అతణ్ణి ప్రేయసి నేహ అదృశ్యం తిరిగి విధుల్లోకి లాగుతుంది.

ఈ చిత్రంలో అసలు వేట నేరస్థుడి కోసం కాదు, తన మనసుపై పట్టు కోసం. మంటను చూస్తే రేగే ఆ మానసిక గాయం కథకు అలంకారమేనని అనవచ్చు. కానీ సొంత మనిషి కేసు కాబట్టి నేహ దర్యాప్తు అతనికి దక్కదు. ఔటర్ రింగ్ రోడ్డుపై కారు ఆగిపోయాక కనిపించకుండా పోయిన ప్రీతి అనే యువతి కేసుకూ దీనికీ సంబంధం ఉందని భావించి, ఆ కేసు ద్వారానే అతను నేహను వెతకాలి. అందువల్ల ప్రతి ఆధారమూ అతని నిగ్రహాన్ని పరీక్షిస్తుంది. గాయాన్ని తీసేస్తే కథే నిలవదు. ఖాకీ వెనుక మనిషిని చూపడమే ఈ చిత్రం బలం.