స్వభావం దోషమవుతుందా? జపాన్‌లో ‘కరోజిసత్సు’ వ్యాజ్యం, 1991–2000

జపనీయ సంస్కృతి ఆత్మహత్యను గౌరవిస్తుందన్న అభిప్రాయం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. సమురాయిల సెప్పుకు ఆచారాన్ని, చికమత్సు మొంజయెమోన్ 1703లో బొమ్మలాటకు రచించిన ‘సొనెజకి షింజు’ను ఇందుకు సాక్ష్యాలుగా చూపుతారు. ఆ తరహా జంటమరణాల నాటకాలను తొకుగవ ప్రభుత్వం 1720ల ఆరంభంలో నిషేధించిందన్న సంగతి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. ఆరాధన ఎంత పాతదో ఆంక్ష కూడా ఇంచుమించు అంత పాతది. ఆధునిక కార్యాలయ చరిత్రకు వీటికంటె ముఖ్యమైనది మరొక విశ్వాసం: మరణించిన వ్యక్తి తెలిసి, నిశ్చయించుకొని మరణించాడన్నది. తెలుగులో ‘ఆత్మహత్య’కూ ‘ప్రాణత్యాగా’నికీ ఉన్న విలువభేదం వంటిదే జపనీయంలో ‘జిసత్సు’, ‘జికెత్సు’ పదాల మధ్యనూ కనిపిస్తుంది. రెండవ పదానికి నిర్ణయమన్న అర్థచ్ఛాయ ఉంది.

ఈ విశ్వాసానికి చట్టరూపమూ ఉండేది. కార్మికుడు ఉద్దేశపూర్వకంగా తెచ్చుకొన్న మరణానికి ప్రమాదపరిహార చట్టం కింద సొమ్ము రాదు. అందువల్ల అధిక శ్రమ మూలంగా గుండె ఆగి మరణిస్తే, 1980లలో బహుళ ప్రచారం పొందిన ‘కరోషి’ అన్న పేరుతో కుటుంబం పోరాడగలిగేది. 1988లో న్యాయవాదులు అందుకోసం టెలిఫోన్ సహాయకేంద్రాలు కూడా తెరిచారు. అదే శ్రమ మనసును కుంగదీసి ప్రాణం తీస్తే, అతి అరుదైన సందర్భాలలో తప్ప, అది మృతుని స్వంత విషయంగానే మిగిలిపోయేది.

ఈ స్థితిని కదిలించినది డెంట్సు వ్యాజ్యం. 1990లో ఆ ప్రకటనల సంస్థలో చేరిన 24 ఏళ్ల ఉద్యోగి, తెల్లవార్లూ పనిచేసే దశకు చేరి, 1991 ఆగస్టులో మరణించాడు. తల్లిదండ్రులు దావా వేశారు. 1996లో టోక్యో జిల్లా న్యాయస్థానం సుమారు 12.6 కోట్ల యెన్లు చెల్లించాలని తీర్పునిచ్చింది. 1997లో హైకోర్టు సంస్థ బాధ్యతను అంగీకరిస్తూనే పరిహారంలో 30 శాతం కోత విధించింది. అందుకు చూపిన కారణాలే చరిత్రకారునికి విలువైనవి. మృతుడు మితిమీరిన బాధ్యతాభావం, పరిపూర్ణత కోరే స్వభావం కలవాడట. కలిసి నివసించిన తల్లిదండ్రులు అతని స్థితిని చక్కదిద్దలేదట. ఏ గుణాన్ని చూసి సంస్థలు ఉద్యోగిని మెచ్చుకొంటాయో, మరణానంతరం అదే గుణం అతని లోపంగా లెక్కకు వచ్చింది. 2000 మార్చి 24న సుప్రీంకోర్టు ఈ కోతను తోసిపుచ్చింది. ఒకే పనిచేసే కార్మికులలో సహజంగా ఉండే వైవిధ్యానికి లోబడినంతవరకు ఉద్యోగి స్వభావాన్ని అతనికి ప్రతికూలంగా పరిగణించరాదని, ఎదిగిన కుమారుని పని తీరును మార్చే స్థితి తల్లిదండ్రులకు లేదని పేర్కొంది. అదే సంవత్సరం జూన్‌లో సుమారు 16.8 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది.

ఈలోగా దేశంలో ఆత్మహత్యల సంఖ్య 1998లో 30,000 దాటింది. 1999లో కార్మిక మంత్రిత్వశాఖ కొత్త ప్రమాణాలు ప్రకటించింది. పనిఒత్తిడి వల్ల మానసిక వ్యాధి కలిగి, దాని ప్రభావంలో మరణం సంభవిస్తే, దానిని ఉద్దేశపూర్వకమైనదిగా భావించనవసరం లేదన్నది వాటి సారాంశం. వైద్యశాలలకంటె ముందుగా పరిహార చట్టమే వైఖరిని మార్చిందనడం అతిశయోక్తి కాదు. ఈ మార్పుకు కుటుంబాలు మూల్యం కూడా చెల్లించాయి. నిన్నటివరకు దాచిన వ్యాధిని ఇప్పుడు వారే నిరూపించవలసి వచ్చింది. వ్యాధినిర్ణయం లభించని మరణం పాత ‘నిశ్చయం’ నీడలోనే ఉండిపోయింది. హత్యార్థకమైన అక్షరం లేని ‘జిషి’ అన్న పదం వాడాలని మృతుల బంధువులు కోరగా, షిమనె ప్రాంతీయ ప్రభుత్వం 2013లో అధికార పత్రాలలో ఆ మార్పు చేసింది.

కరోషి నివారణ చట్టం 2014లో వచ్చింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో డెంట్సులోనే మరొక 24 ఏళ్ల ఉద్యోగిని మరణించింది. పట్టిన పని ప్రాణం పోయినా విడవరాదని బోధించే 1951 నాటి సూత్రావళిని ఆ తరువాతనే సంస్థ తన ఉద్యోగుల చేతిపుస్తకం నుండి తొలగించింది. చట్టవిరుద్ధంగా అదనపు గంటలు పనిచేయించినందుకు 2017 అక్టోబరులో న్యాయస్థానం విధించిన జరిమానా 5 లక్షల యెన్లు.