ఛాయాచిత్రం వెనుక రాత: తెలుగు కుటుంబ చిత్రసంచయాల పరిష్కరణ

తాళపత్ర గ్రంథాన్ని చేతికి తీసుకున్న పరిష్కర్త ముందుగా వెదికేది చివరి ఆకును. లేఖకుని పేరు, వ్రాత ముగిసిన సంవత్సరం, తిథివారాలు, ఎవరికోసం వ్రాశాడన్న మాట సాధారణంగా అక్కడ ఉంటాయి. ఆ నాలుగు పంక్తులు లేకపోతే గ్రంథం ఉంటుంది గాని, ఆ ప్రతి కాలమూ స్థలమూ ఊహకు మిగులుతాయి. ఛాయాచిత్రానికి అటువంటి చివరి ఆకు దాని వెనుక భాగం. తెలుగు కుటుంబాలలో మిగిలిన పాత చిత్రాలను కాపాడాలన్న ఆలోచన ఇటీవల బలపడుతున్నా, అది చాలావరకు ముందు భాగం దగ్గరే ఆగిపోతున్నది. మరకలు తుడుస్తారు, కొత్త చట్రం కట్టిస్తారు, ముందువైపు నకలు తీసి బంధువులకు పంపుతారు. వెనుక రాత అట్టకు అతుక్కొనిపోతుంది, లేదా పాత అట్టతోపాటు చెత్తలోకి పోతుంది. బొమ్మ చెక్కుచెదరకుండా ఉండి పేర్లు పోయిన చిత్రం వేషభాషల చరిత్రకు కొంత ఉపకరించవచ్చు. ఆ కుటుంబ చరిత్రకు మాత్రం అది మూగది. కనుక కుటుంబ చిత్రాల భద్రతను గ్రంథపరిష్కరణలో ఒక శాఖగా పరిగణించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

మద్రాసులో 1856లోనే ఛాయాచిత్ర సంఘం ఏర్పడినా, తొలి దశలో కెమెరా ఎక్కువగా కోవెలలను, కోటలను, దొరలను చూసింది. దేశీయ కుటుంబాలు దాని ఎదుట కూర్చోవడం స్టూడియోలు వెలసిన తరువాతి మాట. హైదరాబాదు రాజ్యంలో ఈ మార్పుకు ప్రముఖ సాక్షి లాలా దీనదయాళ్. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన సికిందరాబాదులో స్టూడియో నడిపారు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. స్త్రీ రూపం చిత్రానికి ఎక్కింది. ఆమె పేరు మాత్రం బయటి కంట పడని అంతఃపుర విషయంగానే ఉండిపోయింది. ఈ వైరుధ్యం తరువాతి మధ్యతరగతి తెలుగు ఇళ్ళ చిత్రాలలోనూ కొనసాగింది. దీనదయాళ్ గాజుపలక నెగటివులు 2857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. స్టూడియో తన నెగటివులకు సంఖ్యలు వేసుకొన్నది గనుక వాటికి ఒక వరుస ఉంది. ఇంటి ట్రంకుపెట్టెలోని చిత్రాలకు అటువంటి వరుస లేదు. వెనుక రాతే వాటికి ఆధారం.

ఆ రాతను చదవడం తేలిక కాదు. మొదటి చిక్కు కాలానిది. ‘ఆనంద సం. వైశాఖం’ అని ఉన్న చిత్రం 1914 నాటిదీ కావచ్చు, 1974 నాటిదీ కావచ్చు. అరవై ఏళ్ళ చక్రం తీర్చని ఈ సందేహాన్ని కాగితం కొంత తీరుస్తుంది. స్టూడియో పేరు ఒత్తిన దళసరి అట్టకు అంటించిన గోధుమవన్నె ప్రింటు మొదటి తేదీ వైపు మొగ్గుతుంది; ప్లాస్టిక్ పూత గల కాగితం, రంగుల ప్రింటు రెండవదానినే సూచిస్తాయి. పాత నెగటివు నుండి తరువాతి కాలంలో వేయించిన ప్రతులూ ఉంటాయి గనుక చిత్రం తీసిన కాలమూ ప్రతి వేసిన కాలమూ వేరని పరిష్కర్త మరువరాదు. తాళపత్రాల విషయంలో రచనాకాలాన్ని, లేఖనకాలాన్ని వేరుచేసే జాగ్రత్తే ఇది. తెలంగాణ కుటుంబాల చిత్రాలపై ఫసలీ సంవత్సరాలు కనిపిస్తాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: 1322 ఫసలీ అంటే 1912-13. ఆ అంకెనే హిజ్రీగా పొరబడితే చిత్రం 1904-05కు జరిగిపోతుంది. ఎనిమిదేళ్ళ తేడాలో ఒడిలోని బిడ్డ ఎవరన్నదే మారిపోతుంది.

కాలం కంటే క్లిష్టమైనది బంధుత్వ పదం. వెనుక ‘మా పెద్దక్కయ్య, బావగారు’ అని ఉంటే అది ఎవరికి పెద్దక్కయ్య? వ్రాసినవారెవరో తేలితే గాని ఆ మాటకు అర్థం లేదు. కాబట్టి ముందు చేతివ్రాతను గుర్తించాలి. పాత ఉత్తరాలు, పెళ్ళి పద్దుల పుస్తకాలు, పిల్లల పుట్టిన తేదీలు వ్రాసుకొన్న పంచాంగాల అంచులు ఈ పనికి ఉపకరిస్తాయి. మేనరికం ఉన్న కుటుంబాలలో చిక్కు ఇంకా ముదురుతుంది. అక్క కూతురిని పెండ్లాడిన వానికి ఆ అక్కే అత్తగారవుతుంది. పెళ్ళికి ముందు చిత్రంపై ‘అక్కయ్య’ అనీ, తరువాతి చిత్రంపై ‘అత్తగారు’ అనీ అతడే వ్రాసి ఉంటే, మూడో తరంవారు వారిని ఇద్దరు స్త్రీలుగా లెక్కించే ప్రమాదం ఉంది. దత్తత వెళ్ళినవారి విషయంలో ఇంటిపేరూ గోత్రమూ మారతాయి. కన్నతండ్రి ఒక చిత్రంలోను, దత్తతండ్రి మరొక చిత్రంలోను ‘నాన్నగారు’గా కనిపిస్తారు.

ఈ పదజాలంలో ఎక్కువగా నష్టపోయినది స్త్రీ. కుర్చీలలో కూర్చున్న మగవారికి ఇంటిపేరుతో, ఒక్కోసారి ఉద్యోగంతో సహా గుర్తింపు దొరుకుతుంది. వెనుక నిలిచిన స్త్రీలు ‘వారి భార్య’, ‘కోడళ్ళు’, ‘వితంతు చెల్లెలు’గా మిగులుతారు. వంశవృక్షాలలో మగవారి వరుసే సాగడం వల్ల ఈ లోటును అవీ పూరించవు. ఆ పేర్లు ఇంకా తెలిసినవారు ఆయా ఇళ్ళలో ఎనభై దాటిన ఆడపడుచులు. పుట్టింటి చిత్రాలలోని స్త్రీలను మెట్టినింటి మగవారికంటే వారే ఎక్కువగా గుర్తుపట్టగలరు. అయినా ఆల్బం సాధారణంగా కొడుకుల ఇంట ఉంటుంది, అడిగేవారూ కొడుకులనే అడుగుతారు.

పేరు నిలపడంలో ప్రభుత్వ దస్తావేజు కుటుంబంకంటే మెరుగైన సందర్భం ఒకటి ఉంది, అది గర్వించదగినది కాకపోయినా. కోరంగి రేవు పేరుతో ‘కోరంగివారు’గా పిలువబడిన మారిషస్ తెలుగువారి పూర్వీకులలో అనేకులు ఒప్పందపు కూలీలుగా అక్కడికి చేరినవారు. ఆ దీవిలో 1867 నాటి చట్టం గడువు తీరిన కూలీలు తమ చిత్రంతో కూడిన గుర్తింపు చీటీని దగ్గర ఉంచుకోవాలని నిర్బంధించింది. కూలీని అదుపులో ఉంచడమే దాని ఉద్దేశం. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలస దస్తావేజులలో ముఖంతోపాటు సంఖ్య, ఓడ, తండ్రి పేరు, స్వస్థలం వంటి వివరాలు జతపడి ఉండడంచేత వారసులు ఈనాడు తమ మూలాలను అక్కడ వెదకగలుగుతున్నారు. గుమాస్తాల చెవికి చిక్కి వికృతమైన ఊళ్ళ పేర్లను సరిచేయడానికి తెలుగు తెలిసిన పరిశోధకుని అవసరం ఉంది. ప్రేమతో తీయించుకొన్న చిత్రానికి లేని ఆచూకీ అనుమానంతో తీసిన చిత్రానికి మిగిలింది.

ఇక గోడమీది పటం సంగతి. పోయినవారి చిత్రాన్ని పెద్దదిగా వేయించి, దండ వేసి, గాజుపై గంధం కుంకుమ పెట్టడం తెలుగు ఇళ్ళలో విస్తృతమైన ఆచారం. విడి చిత్రం లేనప్పుడు సామూహిక చిత్రం నుండి ఆ ముఖాన్ని వేరుచేయించేవారు. కొన్ని ఇళ్ళలో మూలచిత్రాన్నే కత్తిరించారు. అటువంటి ఖండిత చిత్రం, గోడమీది పటం రెండూ దొరికితే వాటిని ఒకే పాఠానికి చెందిన రెండు ప్రతులుగా జతచేయాలి. కుంకుమ మరకను తొలగించవలసిన మాలిన్యంగా మాత్రమే చూడడం సరికాదు. ఆ వ్యక్తి పూజనీయుల వరుసలో చేరినట్లు అదొక సాక్ష్యం. తుడవడానికి ముందు దానిని ఉన్నదున్నట్లు నమోదు చేయాలి. కోస్తా జిల్లాల తేమకు చిత్రపు జిగురుపొర గాజుకు అంటుకొని ఉంటే ఊడబెరకరాదు. గాజుతో సహా చిత్రం తీసి, మిగిలినది నిపుణులకు వదలడమే క్షేమం.

భద్రత సూత్రాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నవే గనుక క్లుప్తంగా చెప్పవచ్చు. ఆమ్లరహితమైన కాగితపు కవర్లు, వేడి తేమ తక్కువగా ఉండే లోపలి గది, బయటిగోడకు తగలని అలమర అవసరం. జిగురు పేజీల ఆల్బములు, పి.వి.సి. తొడుగులు చిత్రాలకు హానికరం. తాళపత్రానికి మేలుచేసిన నిమ్మగడ్డి నూనె ఛాయాచిత్రం దరికి రాకూడదు. పెన్సిలు రాత వెనుక అంచునే ఉండాలి. ప్లాస్టిక్ కాగితంపై అది నిలవదు గనుక వివరాలను కవరుపై ముందుగానే వ్రాసి చిత్రాన్ని అందులో ఉంచాలి. స్కానింగు రెండు వైపులా జరగాలి. అంగుళానికి 600 చుక్కల సాంద్రతతో, కుదింపు లేని టిఫ్ రూపంలో ఒక ప్రతి భద్రపరచి, పంపకాలకు చిన్న ప్రతి వాడుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రం కుదించుకుపోవడమే కాక తనలో పొదిగిన సమాచారాన్నీ కోల్పోతుంది. ఆల్బము విడదీయక తప్పకపోతే పుట పుటనూ ముందుగా చిత్రించాలి. ఎవరి పక్కన ఎవరిని అంటించారన్నది కూర్చినవారి నిర్ణయం. కాలక్రమం పేరిట దానిని చెరిపివేయడం ప్రక్షిప్తాలు తొలగిస్తున్నానని కావ్యం క్రమాన్నే మార్చడం వంటిది.

తమిళనాట పాత స్టూడియో చిత్రాలను పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ బ్రిటిష్ గ్రంథాలయం సహాయంతో సంఖ్యారూపంలో భద్రపరచింది. తెలుగు శాఖలు అటువంటి పనికి పూనుకొంటే వాటికి ఉన్న ప్రత్యేక బలం పాఠనిర్ణయంలోనే ఉంది. ఒకే ముఖాన్ని ఇద్దరు వృద్ధులు ఇద్దరిగా గుర్తించినప్పుడు తీర్పు చెప్పి ఒకరి మాటను కొట్టివేయడం కంటే, రెండింటినీ పాఠాంతరాలుగా, చెప్పినవారి పేరుతో, వారికి ఆ వ్యక్తితో గల బంధుత్వంతో, చెప్పిన తేదీతో నమోదు చేయాలి. వెనుక ఉన్న మూలరాత, తరువాతివారి చేర్పు, సంకలనకర్త ఊహ మూడూ మూడు వేరు గళ్ళలో ఉండాలి. ఎవరూ గుర్తుపట్టని ముఖానికి ‘గుర్తు తెలియని స్త్రీ’ అన్న మాట చాలదు. ఎడమనుండి ఎన్నవ స్థానం, ఎవరి భుజంపై చేయి వేసింది, ఒడిలో ఎవరున్నారు అన్నవి వ్రాసి, పేరు గడిని ఖాళీగా ఉంచాలి.