కామర్‌జెల్ గృహం: పునరుజ్జీవన కాలపు కొయ్యచట్రపు కట్టడం

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్ కేథడ్రల్ పక్కనున్న కామర్‌జెల్ గృహాన్ని ఫ్రెంచి పునరుజ్జీవన కాలపు ఇల్లుగా పేర్కొనడం పరిపాటి. కట్టడపు కాలక్రమాన్ని పరిశీలిస్తే ఈ నిర్వచనం సంపూర్ణం కాదని తెలుస్తుంది.

రాతితో కట్టిన కింది అంతస్తు 1467 నాటిది. దానిపై కొయ్యచట్రపు అంతస్తులను 1589లో జున్ను వర్తకుడు మార్టిన్ బ్రౌన్ నిర్మింపజేశాడు. అప్పటికి స్ట్రాస్‌బూర్గ్ పవిత్ర రోమన్ సామ్రాజ్యంలోని స్వతంత్ర నగరం. ఫ్రాన్స్ వశమైంది 1681లోనే. ఈ నిర్మాణంలో భారాన్ని మోసేది గోడ కాదు, కొయ్యచట్రం. అందువల్లనే ముఖభాగాన్ని వరుస కిటికీలతో నింపడం సాధ్యమైంది. మిగిలిన కొయ్యపై రాశులు, పంచేంద్రియాలు, మానవ జీవితదశలు శిల్పాలుగా వెలిశాయి. ఒక వర్తకుడు తన సంపదతోపాటు విద్యాభిరుచిని కూడా వీధికి ప్రకటించుకున్న తీరు ఇది.

1871లో నగరం జర్మన్ సామ్రాజ్యంలో చేరింది. 1879లో కేథడ్రల్ పోషణ సంస్థ ఈ ఇంటిని కొన్నది. 20వ శతాబ్దారంభంలో లియో ష్నూగ్ లోపల కుడ్యచిత్రాలు వేశాడు. నగరం తిరిగి ఫ్రాన్స్‌లో కలిశాక, 1929లో ఇది చారిత్రక కట్టడంగా రక్షణ పొందింది. నేటి పేరు మాత్రం బ్రౌన్‌ది కాదు, 19వ శతాబ్దపు యజమానిది.

కాబట్టి ఇక్కడ రక్షణ పొందినది ఏదో ఒక శైలి కాదు. భిన్న పాలనల కింద పొరలుపొరలుగా ఏర్పడిన నగరచరిత్ర. ఈ గృహాన్ని ఒకే జాతి వారసత్వంగా చదివితే ఆ పొరలు మరుగున పడతాయి.